నిచ్చెన పట్టుకున్నవాడు

ఇరవై ఆరు అడుగుల ఎత్తు నుంచి పడి, పడుతూ పడుతూ చేతిలో ఉన్న రంగు డబ్బాలోంచి ఒక్క చుక్క కూడా ఒలకనివ్వని మనిషి మీకు తెలిసినవాళ్ళలో ఎవరైనా ఉన్నారా? నాకు తెలిసినవాళ్ళలో ఒకడున్నాడు. ఇళ్ళకు రంగులు వేస్తాడు, ఊరంతా అతన్ని నిచ్చెన మేస్త్రి అంటుంది. మూడో అంతస్తు పిట్టగోడ కింద అంచుకి గీత గీస్తుండగా నిచ్చెన జారిందట, గాల్లో ఒక పల్టీ కొట్టాడట, డబ్బాని మాత్రం పసిపిల్లను ఎత్తుకున్నట్టు నిటారుగా పట్టుకుని నేలమీద వాలాడట, పోయిందల్లా కుడికాలి మడమ వెనకాల ఉండే ఒక్క తాడు. ఆరు నెలలుగా ఈ సంగతి అడిగినవాడికీ చెప్పాడు, అడగనివాడికీ ఆపి మరీ చెప్పాడు. ఇవాళ పొద్దున పది గంటలకి ఆసుపత్రి వరండాలో, కసరత్తుల గది బయట ఇనప బెంచీ మీద కూర్చుని, పక్కనున్న చేతికర్ర పెద్దాయనకి కూడా చెప్పాడు.

పెద్దాయన కర్రని మోకాళ్ళ మధ్య నిలబెట్టి, దానిమీద గడ్డం ఆనించి, కథంతా కళ్ళు విప్పార్చుకుని విన్నాడు. ఆయనది పిక్క. కదిలిపోతున్న బస్సు వెనకాల పరిగెత్తాడట, ఎడమ పిక్కలో కండ చిట్లి మూడు వారాలుగా వంకాయ రంగులో కమిలి ఉంది. "నీకు కింద తాడు తెగింది, నాకు పైన కండ తెగింది. మనిద్దర్నీ కలిపి కుడితే ఒక మంచి కాలు వస్తుందయ్యా" అని నవ్వాడు. నవ్వడం అయ్యాక, కథ విన్న ప్రతివాడూ అడిగేదే ఆయనా అడిగాడు. "అవును గానీ, అంత ఎత్తు ఎక్కావు కదా. మరి కింద నిచ్చెన పట్టుకున్నవాడు ఏం చేస్తున్నాడు?"

ఈ ప్రశ్న పాలవాడు అడిగాడు, మంగలి అడిగాడు, రంగుల దుకాణం యజమాని అడిగాడు, ప్రతిసారీ మేస్త్రి ఒక నిట్టూర్పు విడిచి "ఏం చెప్పమంటారు లెండి" అనేవాడు, మిగతా పని ఆ నిట్టూర్పే చూసుకునేది. ఇవాళ ఆ నిట్టూర్పు విడవడానికి వీల్లేదు. ఎందుకంటే వరండాకి ఆ చివర, మెట్ల దగ్గర, గోడకు ఆనించిన మడత నిచ్చెన పక్కన అతని బావమరిది నిలబడి ఉన్నాడు. భార్యకి తమ్ముడు. పద్దెనిమిదేళ్ళుగా మేస్త్రి ఎక్కిన ప్రతి నిచ్చెననీ కింద పట్టుకున్నది అతనే. ఈ చివర గుసగుసలాడితే ఆ చివర వినిపించే వరండా అది. అతను విన్నాడు. విన్నట్టు తెలియనివ్వకుండా నిచ్చెన కాలికి ఎండిపోయి అంటుకున్న రంగుని గోటితో గీకుతున్నాడు.

నిచ్చెన తెమ్మన్నది కసరత్తులమ్మ. గది తలుపు మీద ఆవిడ చదువు పేరు మూరెడు పొడవున రాసి ఉంటుంది గానీ మేస్త్రి నోరు తిరక్క మొదటిరోజే కసరత్తులమ్మ అన్నాడు, ఆవిడ నవ్వి ఊరుకుంది, అప్పట్నుంచీ అదే పేరు. పోయినవారం ఆవిడ రెండు షరతులు పెట్టింది. ఒకటి, గోడమీద వేళ్ళకొసలు మాత్రమే ఆనించి, కుడికాలు ఒక్కదాని మీద నిలబడి, మడమ తనంతట తాను పైకి లేవాలి. ఒక్కసారి లేస్తే చాలు. రెండు, మొదటి మూడు నెలలూ కింద నమ్మకమైన మనిషి పట్టుకుంటేనే ఎక్కాలి. "లేచిందనుకోండి, అక్కడే మీ నిచ్చెన మీద మొదటి మెట్టు ఎక్కిద్దాం. లేవలేదనుకోండి, ఇక నేలమీద పనులు చూసుకోండి, కిటికీలూ తలుపులూ బోలెడున్నాయి. ఎవరు పట్టుకుంటారు మీకు?" అంది. మేస్త్రి చెప్పులకేసి చూసుకున్నాడు. ఇంట్లో భార్య సంగతి విని, బడిపిల్లల చొక్కాలు కుడుతూ కుడుతూ మిషను ఆపకుండానే "నాకు తీరదు, తమ్ముడికి చెబుతాను" అంది. చెప్పింది. వాడు వచ్చాడు. వచ్చి ఆ చివర నిలబడ్డాడు. వీళ్ళిద్దరూ ఆరు నెలల్లో ఒకే కప్పు కిందికి రావడం ఇదే మొదలు.

పదకొండింటికి పిలుస్తారు. పెద్దాయన జవాబు కోసం చూసి చూసి "నొప్పా?" అన్నాడు. "లేదండీ, ఆలోచిస్తున్నాను" అన్నాడు మేస్త్రి, గోడకేసి తిరిగి. ఆలోచించుకోవడానికి గోడకంటే మంచిచోటు అతనికి తెలియదు. ఎవడు వేశాడో గానీ ఈ వరండాకి రంగు, చెయ్యి విరగ్గొట్టాలి, కప్పుకీ గోడకీ మధ్య గీత టేపు అంటించి వేశాడు, టేపు కిందకి రంగు పాకింది, పీకినచోటల్లా పళ్ళు ఊడిన రంపంలా ఉంది, చూస్తుంటే కంట్లో నలుసు పడ్డట్టుంది. గీత అంటే టేపా? నిచ్చెన మెట్టుమీద మునివేళ్ళు ఆనించి, రెండు మడమలూ గాల్లో ఉంచి, ఊపిరి బిగపట్టి, కుంచెని బారెడు దూరం ఒక్క లాగుడులో లాగితే అదీ గీత. జనం చేత్తో గీస్తామనుకుంటారు, పిక్కతో గీస్తాం, పిక్క వణికితే గీత వణుకుతుంది. అక్కడ అయిపోగానే దిగి నిచ్చెన జరిపి మళ్ళీ ఎక్కడం చేతకానివాళ్ళ పని, మేస్త్రి దిగడు, మడత నిచ్చెన పైమెట్టుకి అటొక కాలు ఇటొక కాలు వేసి, నడుం ఒక్క విదుపు విదిపి, టకా టకా టకా, నాలుగు కాళ్ళ నిచ్చెనని గుర్రంలా గది ఈ మూల నుంచి ఆ మూలకి నడిపించుకుపోతాడు, ఇంటివాళ్ళ పిల్లలు గుమ్మంలో నిలబడి చప్పట్లు కొడతారు, పేరు అలా వచ్చింది. ఆ పిక్కలు రాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ప్యాంటు కొలత తీస్తూ భార్య "కాలు నడుముకంటే లావుంది, ఎవడైనా చూస్తే నేను తప్పు కొలిచాననుకుంటాడు" అంది. ఆ టేపే, ఆ కుట్టుపని టేపే, కట్టు విప్పినరోజు కుడి పిక్క చుట్టూ తిప్పి, ఎడమ పిక్క చుట్టూ తిప్పి, మళ్ళీ కుడి పిక్క చుట్టూ తిప్పి, మెడలో వేసుకుంది. రెండున్నర అంగుళాలు తక్కువ. సున్నం పెచ్చులూడినట్టు చర్మం, లోపల ఏమీ లేదు, ఎవరి కాలో అద్దెకు తెచ్చి తగిలించినట్టు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం కొలుస్తుంది, కొలిచి ఒక చాక్‌పీసు గీత మిషను బల్లమీద గీస్తుంది, ఇప్పటికి అంగుళంన్నర కూడింది, ఇంకా అంగుళం ఎక్కడుందో, ఏ మెట్టుమీద కూర్చుని ఉందో.

వరండా గీత వెంబడి చూపు జారుకుంటూ వెళ్ళింది, మూలకి వెళ్ళింది, మూలకింద ఉన్నది బావమరిది తల. వెంటనే వెనక్కి లాక్కున్నాడు. వాడికి జుట్టు నెరిసిందే. ఎప్పుడు నెరిసింది, తెల్లరంగు పడిందేమో, కాదు, రంగయితే చుక్కలుంటాయి, ఇది పొగలా ఉంది. గోడ గడియారంలో ముల్లు టక్కుమంది. టక్. ఆ చప్పుడు వద్దు. ఆ చప్పుడు వింటే మడమలోంచి వీపుదాకా చలి పాకుతుంది, ఎండిన పుల్లని మోకాలికేసి విరిచినట్టు, ఆవేళ పనిలో ఉన్న ఏడుగురూ తలలు తిప్పి చూశారు, అంత చప్పుడయింది, ఒంట్లోంచి అంత చప్పుడు వస్తుందని ఎవడనుకుంటాడు?

ఇక్కడ నేను మీకొక మాట చెప్పుకోవాలి. ఇరవై ఆరడుగులన్నాను కదా. అంత కాదు. పదహారు కూడా కాదు. ఎనిమిది కూడా కాదు. దాచడమెందుకు, మేస్త్రి అసలు పడనే లేదు. ఆవేళ నిచ్చెన మడతపెట్టి గోడకి చేరేసి ఉంది, డబ్బా మూతపెట్టి ఉంది, అందుకే చుక్క ఒలకలేదు. మనవాడు రెండు కాళ్ళతో భద్రంగా నేలమీద నిలబడి, నేలమీద నుంచే గెంతాడు.

ఎందుకు గెంతాడంటే, బడి హాలు అది, కొత్తగా కట్టింది, దూలాల అంచులకి గీత మిగిలింది. పొద్దుట్నుంచీ మడమ పట్టేసినట్టుగా ఉంది, ఆ మాటకొస్తే రెండు నెలలుగా మంచం దిగగానే మొదటి పది అడుగులూ కుంటుతూనే ఉన్నాడు, వేడెక్కాక సర్దుకునేది, భార్య చూడకుండా మందు రాసుకునేవాడు, వాసన వస్తే టర్పెంటైను అనేవాడు. కింద నిచ్చెన పట్టుకున్నవాడికి మాత్రం ఏదీ దాగదు, మెట్టు మెట్టుకీ వణుకు వాడి అరచేతుల్లోకి దిగుతుంది. "బావా, దిగు. పొద్దుట్నుంచీ నీ కాళ్ళు వణుకుతున్నాయి. ఈ నాలుగు దూలాలకీ టేపు వేసేద్దాం, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు బావమరిది. మెల్లగానే అన్నాడు. కానీ హాలు కదా, అందరికీ వినబడింది, ఎవడో కుర్రాడు కిసుక్కుమన్నాడు. మేస్త్రి దిగాడు. నిచ్చెన మడిచాడు. "నాకు వణుకా? నిచ్చెన లేకుండా దూలం ముట్టుకుంటాను చూడరా" అని నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, పరిగెత్తుకొచ్చి, కుడి మునివేళ్ళ మీద బరువంతా వేసి నేలని తన్నాడు. యాభై ఒకటో ఏట. టక్. దూలం అందలేదు, నేల కూడా సరిగ్గా అందలేదు, మడమ వెనక ఎవడో దుడ్డుకర్రతో కొట్టినట్టు, కచ్చితంగా కొట్టినట్టు, కూలబడుతూ వెనక్కి తిరిగి చూశాడు. చూస్తే, వెనకాల రోలరు తగిలించిన పొడుగు కర్ర పట్టుకుని నిలబడ్డవాడు బావమరిది. ఆ కర్ర ఎవరు పట్టుకున్నా సరిపోయేది. ఏడుగురున్నారు. వాడే పట్టుకోవాలా?

"నన్ను కొట్టావురా! నన్ను పడగొట్టి నా నిచ్చెన ఎక్కుదామనుకున్నావా?"

ఈ మాట అన్నాడు. ఏడుగురిముందు అన్నాడు. మాట అనేటప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో, చెమట వచ్చినంత తేలిగ్గా. బావమరిది మొహంలో అప్పుడు కనిపించింది కోపం కాదు, కోపమైతే బాగుండేది, రంగు తడి ఆరకముందే గోడమీద చెయ్యి పడితే గోడ ఎలా ఉంటుందో అలా ఉంది. కర్ర కింద పెట్టాడు. నిచ్చెన తెచ్చి నేలమీద పరిచాడు, దానిమీద గోనెసంచులు వేశాడు, నలుగుర్ని పిలిచి బావని దానిమీద పడుకోబెట్టించాడు. ముప్పై ఏళ్ళలో మేస్త్రి నిచ్చెన మీద పడుకోవడం అదే మొదటిసారి. మెట్లు వీపుకి గుచ్చుకుంటుంటే, పైన తను వేసిన కప్పు మెల్లగా వెనక్కి జరిగిపోతుంటే, నలుగురూ నాలుగు కొనలు మోస్తుంటే, బావమరిది మాత్రం కాళ్ళవైపు నడుస్తూ, వేలాడుతున్న ఆ పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఆసుపత్రిదాకా వదల్లేదు. కర్ర కింద పెట్టేటప్పుడు రోలరు తగిలి అంటిన తెల్లరంగు పిక్కమీద చారలా ఉంది. "చూడండ్రా, గుర్తు కూడా ఉంది!" అని మేస్త్రి దారంతా అరుస్తూనే ఉన్నాడు. మోసేవాణ్ణి తిట్టుకుంటూ మోయించుకున్నాడు. దీన్ని ఏమంటారో నాకైతే పేరు తెలియదు.

ఎముకల డాక్టరు బోర్లా పడుకోబెట్టి, ఎడమ పిక్క నొక్కాడు, ఎడమ పాదం తల ఊపినట్టు కదిలింది. కుడి పిక్క నొక్కాడు. పాదం ఊరుకుంది. ఇంకోసారి నొక్కాడు. పిలిస్తే పలకని మనిషిలా ఊరుకుంది. "తెగిపోయింది" అన్నాడు. "పిక్క కండని మడమ ఎముకకి కట్టే తాడు ఇది, మీరు నరం అంటారు, నరం కాదు. కోత లేకుండా, వేళ్ళు కిందికి వంచి కట్టు కడితే రెండు కొసలూ దగ్గరికొచ్చి అతుక్కుంటాయి, కానీ ఓపిక కావాలి." మేస్త్రి ఓపిక సంగతి వినలేదు. "నన్ను కొట్టారండీ" అన్నాడు. డాక్టరు చేతులు కడుక్కుంటూ నవ్వాడు. "ఎవరూ కొట్టలేదు. ఈ తాడు తెగినప్పుడు అందరికీ అలాగే ఉంటుంది, వెనకనుంచి ఎవరో తన్నినట్టు. నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగంమంది వెనక్కి తిరిగి ఎవరో ఒకర్ని తిట్టేసే వస్తారు. మీరెవర్ని తిట్టారు?"

అదీ సంగతి. అంటే మొదటి గంటలోనే తెలిసింది. తెలిసినప్పుడు బావమరిది బయట గోడపక్కన నిచ్చెన తుడుస్తున్నాడు, కిటికీలోంచి వీపు కనిపిస్తూనే ఉంది, "ఒరేయ్, ఇలా రా" అంటే వచ్చేవాడు. రెండు మాటలు. అంతే. కానీ ఆ రెండు మాటలు అనాలంటే ముందు గెంతానని ఒప్పుకోవాలి, వణికానని ఒప్పుకోవాలి, వాడు చెప్పిందే నిజమని ఒప్పుకోవాలి, ఇంతలో భార్య పరిగెత్తుకొచ్చింది, మెడలో టేపు కూడా తియ్యకుండా వచ్చింది, "ఎలా జరిగిందయ్యా?" అంది, నోరు దానంతటదే "పడ్డాను" అంది. ఎంత ఎత్తునుంచి అంటే ఎనిమిది అడుగులంది. కట్టు మారేసరికి పదహారయింది. కట్టు తీసి ఆసుపత్రి బూటు వేసేసరికి మూడో అంతస్తూ, పల్టీ, రంగు డబ్బా అన్నీ వచ్చి చేరాయి. గొప్ప కోసం అనుకున్నారు జనం. గొప్ప కోసం కాదు, ఆ కథ ఎంత ఎత్తు పెరిగితే కింద హాల్లో జరిగింది అంత చిన్నగా కనబడుతుందని. కానీ ఎత్తునుంచి పడ్డవాడికి కింద ఒకడు ఉండాలి కదా, నిచ్చెన వదిలేసినవాడు. ఆ సంగతి అతను అనుకోలేదు, జనం అనుకున్నారు. కొట్టావన్నది నోరుజారిన మాట, పడ్డానన్నది రోజూ పొద్దున లేచి మళ్ళీ కొత్తగా అన్న మాట. ఒకరోజు భార్య సూదిలోకి దారం ఎక్కిస్తూ, సూదికే చెబుతున్నట్టు, "మా తమ్ముడికి ఆ వీధి చివర మేడ పని కూడా ఇవ్వనన్నారట. నిచ్చెన వదిలేసేవాడు మాకొద్దు అన్నారట. వాడు అవునని కానీ కాదని కానీ అనలేదట" అంది. దారం ఎక్కలేదు. కొస తడిచేసి మళ్ళీ ఎక్కించింది.

వాడు అనడు. వాడు అనేవాడైతే ఏ గొడవా లేదు. బూటు సంగతే చూడండి. బూటులో మడమ కింద నాలుగు దళసరి ముక్కలు పెట్టారు, పాదం కిందికి వంగి ఉండడానికి, పదిహేను రోజులకొకటి తీసేస్తూ రావాలి, తాడు కొంచెం కొంచెంగా సాగాలని. ఆ ముక్కలతో కుడికాలు ఎత్తయింది, ఎడమకాలు పొట్టయింది, నాలుగు రోజులకే నడుం పట్టేసింది. అయిదోరోజు భార్య ఎడమకాలి చెప్పు ఒకటి తెచ్చింది, అడుగున టైరు ముక్కలు పొరలు పొరలుగా అతికించి, సరిగ్గా బూటంత ఎత్తు. చెప్పులు కుట్టే అతను చేశాడంది. మేస్త్రి తొడుక్కున్నాడు, నిలబడ్డాడు, నేల సమంగా ఉంది, ఎన్నాళ్ళకో. విప్పి తిప్పి చూశాడు. పొరకీ పొరకీ మధ్య సందులో లప్పం పెట్టి ఉంది. గోడకి నెర్రె పూడ్చినట్టు, రేకుతో నునుపుగా లాగి, పైన ఉప్పు కాగితంతో రుద్ది. చెప్పుకి లప్పం పెట్టేవాడు ప్రపంచంలో ఎవడుంటాడు? బూటులో ఒక ముక్క తీసిన ప్రతిసారీ చెప్పు ఒక రాత్రి మాయమయ్యేది, పొద్దునకి ఒక పొర తగ్గి వచ్చేది, మళ్ళీ కొత్త లప్పం. రెండు నెలలు ఆ చెప్పుమీద నడిచాడు. అడుగుతీసి అడుగు వేసినప్పుడల్లా ఎవరి చేతిలో అడుగు పెడుతున్నాడో తెలుస్తూనే ఉంది. "చెప్పులతనికి మంచి పనితనం ఉంది" అన్నాడొకసారి. "ఉంది" అంది భార్య.

వరండాలోకి స్ట్రెచరు ఒకటి వచ్చింది, బావమరిది నిచ్చెన రెండు చేతులా ఎత్తి గోడకి అతుక్కుపోయి దారిచ్చాడు, స్ట్రెచరు మీది మనిషి పాదాలు దుప్పట్లోంచి బయటికొచ్చి ఉన్నాయి, ఇద్దరి చూపూ ఒకేసారి ఆ పాదాల మీద పడి, అక్కణ్ణించి లేచి ఒకదానికొకటి తగిలి, చెరో గోడకీ వెళ్ళిపోయాయి. పదీ నలభై. నాలుగో నెలలో స్నానాలగదిలో జారినప్పుడు కూడా అంతే, మడమలో చురుక్కుమంది, మళ్ళీ పోయిందనుకున్నాడు, తడి నేలమీద కూర్చుని వెనక్కి తిరిగి చూడ్డానికి భయం, ఎవరూ ఉండరని తెలుసు, అయినా భయం. భార్య వచ్చి ఏమీ అడక్కుండా మోకరిల్లి, డాక్టరు నొక్కినట్టే పిక్క నొక్కింది. పాదం తల ఊపింది. "ఉంది" అంది. "ఉంది, లే." ఆ పూట నుంచే వంటగట్టు పట్టుకుని మళ్ళీ కసరత్తు. పైకి రెండు కాళ్ళమీద లేవాలి, కిందికి కుడికాలి మీదే దిగాలి, అయిదు అంకెలు లెక్కపెడుతూ, మడమని పడెయ్యకుండా, దించాలి. ఎక్కడం అందరూ ఎక్కుతారు, మీకు మందు దిగడంలోనే ఉందంటుంది కసరత్తులమ్మ. ముప్పై ఏళ్ళు ఎక్కడమే గొప్పనుకున్నవాడు అయిదంకెలు దిగడానికి చెమటలు కక్కాడు. ఒంటికాలి మీద మడమ లేస్తుందేమోనని ఆవిడ మొదట కాగితం దూర్చి చూసింది, తర్వాత పలచటి నోటుబుక్కు. ఇవాళ అగ్గిపెట్టె అంది. లేవకపోతే? లేవకపోతే కిటికీలూ తలుపులూ. లేస్తే? లేస్తే నిచ్చెన. నిచ్చెన అంటే కింద ఎవరు? ఏ వైపునుంచి ఎక్కినా ఆ మెట్టు దగ్గరికే వచ్చి ఆగుతోంది ఆలోచన. పద్దెనిమిదేళ్ళు కిందికి ఒక్కసారి కూడా చూడలేదు. చూడాల్సిన పనిలేకుండా పట్టుకున్నాడు వాడు. పక్కన పెద్దాయన కర్రమీద గడ్డం ఆనించుకుని ఇంకా చూస్తూనే ఉన్నాడు, జవాబు ఇంకా బాకీ ఉన్నట్టు.

తలుపు తెరుచుకుంది. "కుడి మడమ!" అని కేకేసింది కసరత్తులమ్మ. ఆవిడ పేర్లు పిలవదు. "నిచ్చెన వచ్చిందా? దాన్ని తెచ్చినాయన కూడా రండి, ఎదురుగా నిలబడ్డానికి మనిషి కావాలి."

మేస్త్రి లేచాడు. మూడడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగి పెద్దాయన దగ్గరికి మళ్ళీ మూడడుగులు వేశాడు. వరండా మొత్తానికి వినబడేటట్టు, కప్పు అంచుకి గీత గీసేవాడు ఊపిరి బిగపట్టినట్టు బిగపట్టి, ఒక్క లాగుడులో అనేశాడు.

"పెద్దాయనా, నేను పడలేదండీ. నేలమీద నుంచి గెంతాను. ఈ వయసులో దూలం ముట్టుకుంటానని గెంతాను. నిచ్చెనే లేదు అక్కడ."

పెద్దాయన మొహం వాడిపోయింది, మంచి కథ పోయినందుకు. "మరి ఆ పల్టీ?"

"లేదు."

"డబ్బా?"

"మూత పెట్టి ఉంది. తాడు దానంతటదే తెగింది. వీడు కొట్టాడని ఏడుగురిముందు అన్నాను. వీడు కొట్టలేదు. నన్ను మోసుకొచ్చినవాడు వీడు."

నిచ్చెన ఎత్తుకుని సగం దూరం వచ్చిన బావమరిది అక్కడే ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరడిగారు బావా నిన్ను, ఆసుపత్రిలో నిలబెట్టి?" అన్నాడు, నిచ్చెనకేసి చూస్తూ.

"ఊరంతా అడిగిందిరా ఆరు నెలలుగా. రేపు ఆ మేడవాళ్ళకి కూడా చెబుతాను. మంగలికి కూడా. ఒరేయ్... ఆ చెప్పుకి లప్పం ఎందుకు పెట్టావురా?"

"సందుల్లోకి నీళ్ళు దిగుతాయి కదా" అన్నాడు బావమరిది. అది కూడా తెలియదా అన్నట్టు.

"మాటలు తర్వాత. ముందు మడమ" అంది కసరత్తులమ్మ.

గదిలో కుడికాలి చెప్పు విప్పి నిలబెట్టింది. గోడ వద్దంది, గోడైతే ఒరుగుతారంది. ఎదురుగా బావమరిది రెండు అరచేతులూ చాచాడు, మేస్త్రి వేళ్ళకొసలు వాటిమీద ఆనించాడు. ఎన్ని రంగులు తాగాయో ఆ చేతులు, ఉప్పు కాగితంలా ఉన్నాయి. ఎడమకాలు మడిచాడు. బరువంతా కుడిమీదకి వచ్చింది. లేవమన్నాడు. లేవలేదు. పిక్క ఎక్కడో లోపల తడుముకుంటోంది, చీకటి గదిలో స్విచ్చి వెతుక్కున్నట్టు. మళ్ళీ లేవమన్నాడు. అప్పుడు టక్కుమంది. తల గిరుక్కున వెనక్కి తిరిగింది. చూస్తే గోడకి చేరేసిన నిచ్చెన ఒక్క అంగుళం జారి సర్దుకుంది, అంతే. వెనక ఎవరూ లేరు. ఉండేవాడు ఎదురుగా ఉన్నాడు.

"ఇటు చూడు బావా" అన్నాడు బావమరిది. "నేను పట్టుకున్నాను."

పద్దెనిమిదేళ్ళూ కింద నిలబడి ఆ మాటే అనేవాడు, అదే గొంతు, ప్రతి నిచ్చెనకీ ఒకసారి. పిక్కకి స్విచ్చి దొరికింది. మడమ లేచింది, వణుకుతూ లేచింది, వణుకుతోందని అందరూ చూస్తుండగానే లేచింది, కసరత్తులమ్మ నేలమీద చతికిలబడి, దానికింద అగ్గిపెట్టెని నిలువునా నిలబెట్టి, ఇటునుంచి అటు తోసేసింది.

"దూలం ఇంకా పైనుంది బావా" అన్నాడు బావమరిది.

"నోర్మూసుకుని పట్టుకోరా. దిగాలింకా" అన్నాడు మేస్త్రి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ. తర్వాత నిచ్చెన తెరిచారు. మొదటి మెట్టు ఎక్కాడు. ఎక్కి, అప్పు తీర్చినట్టు, కిందికి చూశాడు.

ఇందులో ఎంత నిజమని మీరడుగుతారని నాకు తెలుసు. అంతా నిజమే, ఒక్క అగ్గిపెట్టె తప్ప. దాన్ని ఆవిడ నిలబెట్టలేదు. పడుకోబెట్టే తోసింది, అదికూడా మడమకి ఒక పక్క రాసుకుంటూ వెళ్ళింది. ఇరవై ఆరడుగుల ఎత్తునుంచి మనిషిని దింపేశాను కదా, ఉసూరుమనిపించింది, నా తరఫున ఒక అంగుళంన్నర ఇచ్చుకున్నాను.